ముప్పై ఒక్క మార్కులు

రైల్వే గార్డుగా ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరైన అప్పలస్వామికి పక్షవాతం వచ్చాక నోటితో రెండు పనులే చేతనయ్యేవి. వారాల పేర్లు వరసగా చెప్పడం ఒకటి. విశాఖపట్నం నుంచి ఇచ్ఛాపురం దాకా స్టేషన్ల పేర్లు చెప్పడం రెండోది. దాహం వేస్తే మంచినీళ్లు మాత్రం అడగలేడు. గ్లాసు వంక చూస్తూ "పొందూరు, శ్రీకాకుళం రోడ్డు, తిలారు" అనేవాడు. అది తాను అనబోయిన మాట కాదని తనకే తెలిసి ఏడ్చేవాడు.

డాక్టర్ కుసుమ తన పరికరాన్ని తయారుచేసింది ఇలాంటివాళ్ల కోసం. గొంతుకు ఒక మెత్తటి పట్టీ, చెవి వెనక రూపాయి బిళ్లంత బిళ్ల, ఎదురుగా చిన్న తెర. మనిషి కంఠస్థం వచ్చినదాన్ని అప్పజెప్పేటప్పుడు తెర మీద అంకె ఇరవై, ముప్పై దగ్గరే ఆడుతుంది. అప్పటికప్పుడు మనసులో కూర్చుకుని మాట్లాడితే యాభై దాటుతుంది. ఆ యాభై ఎక్కడ దాటిందో పట్టుకుని, ఆ దారినే రోగి చేత మళ్లీ మళ్లీ నడిపిస్తే సొంత మాట కొద్దికొద్దిగా తిరిగొస్తుంది. నాలుగు నెలలకు అప్పలస్వామి "నీళ్లు" అన్నాడు. తెర మీద డెబ్బై ఆరు పడింది. వార్డులో నర్సు మేరీరత్నం చప్పట్లు కొట్టింది.

ఆ చప్పట్ల వేళకే శ్రమజన పక్షం అధ్యక్షుడు సన్యాసిరాజు ఆసుపత్రి చూడటానికి వచ్చాడు. రాష్ట్రంలో అధికారం ఆ పార్టీదే. ఆయన అప్పలస్వామిని పలకరించి, తెర ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"అంటే డాక్టరుగారూ, మనిషి చిలకపలుకులు పలుకుతున్నాడో, ఆలోచించి మాట్లాడుతున్నాడో ఇది చెప్పేస్తుందన్నమాట."

"రోగుల విషయంలో చెబుతుందండి."

"మా ఎమ్మెల్యేలూ రోగులేనమ్మా," అని ఆయన నవ్వాడు. పక్కనున్నవాళ్లందరూ నవ్వారు.

వారం తిరక్కుండా కుసుమకు కబురొచ్చింది. గత అయిదేళ్లలో తొమ్మిదిమంది శాసనసభ్యులు పార్టీ దాటిపోయారు. పార్టీకి పన్నెండు సూత్రాలున్నాయి. వాటిని ఎవరు మనసా నమ్ముతున్నారు, ఎవరు నోటితో అంటున్నారు అన్నది తేల్చి, ఒక్కొక్కరికి వందకు మార్కులు వేయాలి. నలభై దాటనివాళ్లకు వచ్చే ఎన్నికల్లో టిక్కెట్టు ఉండదు. ఇందుకు బదులుగా ప్రభుత్వం ఇరవై ఆసుపత్రుల్లో కుసుమ పరికరాలు పెట్టిస్తుంది.

ఇరవై ఆసుపత్రులంటే ఏడాదికి ఎన్ని వేలమంది నోళ్లో కుసుమ మనసులోనే వేసుకుంది. అయినా చెప్పవలసింది చెప్పింది.

"మా అప్ప కూడా మీ ఎమ్మెల్యేనేనండి. బలగ తవిటమ్మ."

"తెలుసమ్మా. అందుకే మీరైతే మరీ మంచిది. సొంత అక్కకే మార్కులు వేస్తున్నారంటే ఇంక ఎవడు నోరెత్తుతాడు?"

తవిటమ్మ కుసుమ కంటే పద్నాలుగేళ్లు పెద్దది. తల్లి పోయాక చెల్లెల్ని పెంచింది ఆమే. జీడిపప్పు షెడ్డులో గింజలు కొట్టి చదివించింది. షెడ్డు ఆడవాళ్లందరినీ కూడగట్టి సంఘం పెట్టింది. అలాంటి సంఘాలన్నీ కలిసే తర్వాత శ్రమజన పక్షమైంది. గుణుపల్లి నియోజకవర్గం నుంచి తవిటమ్మ రెండోసారి గెలిచింది. కుసుమకు తెలిసిన తల్లీ తండ్రీ ఆమే.

ఆదివారం భోజనాల దగ్గర తవిటమ్మే కదిపింది.

"ఏటే, మా అందరి మెళ్లోనీ పట్టీ కడతావంట?"

"గొంతుకు అప్పా. పది నిమిషాల పని."

"ఎద్దుకి కట్టినట్టు." తవిటమ్మ చేపల పులుసు వడ్డిస్తూ నవ్వింది. "కట్టు. ఆ ఎనిమిదో సూత్రం సెప్పింది నాను, రాసుకున్నోడు రాజుగోరు. నాకేటి బయిం?"

ఎనిమిదో సూత్రం చిన్నది. 'ఎనిమిది గంటలు దాటాక పొద్దు పనివాడిది' అని ఉంటుంది. పార్టీ గోడల మీద మొదట రాసింది ఆ వాక్యమే.

పరీక్ష పార్టీ ఆఫీసు రెండో అంతస్తులో జరిగింది. ఒక్కొక్కరే లోపలికొచ్చి, తమకిష్టమైన మూడు సూత్రాలు చెప్పి, అవి ఎందుకు నమ్ముతున్నారో వివరించాలి. పద్ధతి ప్రకారం రెండుసార్లు చెప్పించి సగటు తీస్తారు. మూడోసారి ఎవరికీ లేదు. నాలుగు రోజులపాటు ఎమ్మెల్యేలు వచ్చారు, గొంతు సవరించుకున్నారు, చెమటలు తుడుచుకున్నారు, వెళ్లారు.

తవిటమ్మ మూడోరోజు వచ్చింది. చెల్లెలు పట్టీ కడుతుంటే మెడ వంచి సహకరించింది. ఆమె చెప్పిన మొదటిదే ఎనిమిదో సూత్రం.

"మా షెడ్డులో పెంటమ్మని ఉండేది. గింజలు ఏపే డ్రమ్ము దగ్గిర పని. ఆ రోజు పదమూడో గంట. ఇంటికాడ పిల్లకి పాలియ్యాల, ఒగ్గండి బాబూ అన్నాది. ఈ డ్రమ్మొకటి అవనీ అన్నాడు మేస్త్రీ. లేసి నిలబడ్డాది. నిలబడినట్టే డ్రమ్ము మీదకి ఒరిగిపోనాది..."

గదిలో ఉన్న ఇద్దరు సహాయకులూ తలలు దించుకున్నారు. కుసుమ మాత్రం తెర చూస్తోంది. అంకె ముప్పై రెండు దగ్గర మొదలై అక్కడక్కడే ఆడింది. పట్టీ వదులైందేమోనని బిగించింది. చెవి వెనక బిళ్ల తుడిచి మళ్లీ అంటించింది. రెండోసారి తవిటమ్మ అదే కథ అదే వరసలో, ఆగవలసిన చోట్లే ఆగుతూ చెప్పింది. ముప్పై వచ్చింది. సగటు ముప్పై ఒకటి.

"ఎలాగొచ్చింది?" అని అడిగింది తవిటమ్మ పట్టీ విప్పుకుంటూ.

"ఇప్పుడు చెప్పకూడదప్పా," అంది కుసుమ.

నాలుగోరోజు ముకుందరావు వచ్చాడు. ఏడు జీడిపప్పు ఫ్యాక్టరీల యజమాని. వేరే పార్టీ తరఫున గెలిచి పదకొండు నెలల క్రితం ఇటు దాటాడు. అతను నుదురు చిట్లించి, ఒక్కొక్క మాట వెతుక్కుంటూ, మధ్యలో ఆగి దిద్దుకుంటూ మాట్లాడాడు. శ్రమ అంటే ఏమిటో జీవితంలో మొదటిసారి ఆలోచిస్తున్నవాడిలా కనిపించాడు. నిజానికి మొదటిసారే ఆలోచిస్తున్నాడు. అతనికి ఎనభై ఎనిమిది వచ్చింది. అందరిలోకీ అదే ఎక్కువ.

మార్కులు ప్రకటించిన రోజు టీవీలన్నీ ఆ జాబితానే తిప్పాయి. నలభై దాటనివాళ్లు పద్నాలుగుమంది తేలారు. సొంత అక్కకే ముప్పై ఒకటి వేసిన శాస్త్రవేత్త అని కుసుమ ఫొటో వేశారు. ఆమె నిష్పక్షపాతాన్ని ఒక పత్రిక సంపాదకీయంలో మెచ్చుకుంది.

మర్నాడు తవిటమ్మ ఫోను చేసింది. గొంతులో కోపం లేదు.

"నిజం సెప్పు అమ్మీ. నీ మిషను తప్పు సెప్తాదా?"

మూడువేల రెండువందల మంది రోగుల మీద పరీక్షించిన పరికరం. కుసుమ కాసేపు ఆలోచించే జవాబు చెప్పింది.

"ఇంతవరకు చెప్పలేదప్పా."

"సరే," అని తవిటమ్మ పెట్టేసింది.

ఆ నెల్లోనే గుణుపల్లిలో షెడ్డు గేటు ముందు మీటింగు జరిగింది. కుసుమ వెళ్లి వెనక వరసలో నిలబడింది. షిఫ్టు దిగిన ఆడవాళ్లు మూడువందలమంది దాకా నేల మీద కూర్చున్నారు. పని గంటల సవరణ బిల్లు వస్తోందని, చిన్న షెడ్లలో పన్నెండు గంటల పని పెట్టుకోవచ్చని అందులో ఉందని అప్పటికే అందరికీ తెలిసింది. బిల్లు తెస్తున్నది శ్రమజన పక్షం ప్రభుత్వమే.

తవిటమ్మ మైకు పుచ్చుకుంది. "మా షెడ్డులో పెంటమ్మని ఉండేది," అని మొదలుపెట్టింది. "గింజలు ఏపే డ్రమ్ము దగ్గిర..." అక్కడ ఆగింది. ఎవరో పిలిస్తే వింటున్నట్టు తల పక్కకు వంచింది. మళ్లీ "గింజలు ఏపే డ్రమ్ము దగ్గిర" అంది. తర్వాత మైకు పక్కవాళ్లకిచ్చి కూర్చుండిపోయింది. బీపీ ఎక్కిందేమోనని ఎవరో విసనకర్రతో విసిరారు.

ముందు వరసలోంచి ఒక ముసలామె మెల్లగా అడిగింది.

"టీవీలో సెప్పింది నిజమేనేటి తల్లీ? నువ్వు కూడా ఉత్తినే సెప్పేదానివా?"

తవిటమ్మ లేచి కారు వైపు నడిచింది.

కారులో తిరిగొస్తూ చెల్లెలితో అంది: "పెంటమ్మ మొకం గుర్తు రాటం లేదే. ఆ రోజు అది కట్టుకున్న కోక రంగు కూడా రాటం లేదు. మాటలొస్తన్నాయి, అంతే. ఇరవయ్యారేళ్లు సెప్పీసి సెప్పీసి మనిషిని పోగొట్టీసినాను. నీ మిషను కనిపెట్టీసింది."

తప్పు తనదై ఉంటుందన్న ఊహ అప్పటికి కుసుమకు రాలేదు. అక్క విషయంలో నిజం ఇంత చేదుగా ఉందే అని మాత్రమే బాధపడింది.

ఊహ వచ్చింది మరో పదిరోజులకు, వార్డులో. పరికరానికి కొత్త పట్టీలు వచ్చాయి. సరిచూడటానికి ఎవరో ఒకరు మాట్లాడాలి. మేరీరత్నం తన గొంతుకు కట్టుకుని, కొత్తగా చేరిన రోగి మంచం దగ్గరకు వెళ్లి, ప్రతి రోగితోనూ మొదటిరోజు అనే మాట అంది. "భయపడకండి, నేనున్నాను." తెర మీద ఇరవై రెండు.

కుసుమ ఆ అంకె వంక చూసింది. మేరీరత్నం ఆ మాట కనీసం రెండువేలసార్లు అని ఉంటుంది. అన్న ప్రతిసారీ ఉంది కూడా. కరోనా రోజుల్లో డాక్టర్లే గుమ్మం దగ్గర ఆగిపోతే ఆమె లోపలే ఉంది.

ఆ మధ్యాహ్నం కుసుమ గది తలుపు వేసుకుని పట్టీ తన గొంతుకు కట్టుకుంది. ఈ పరికరం ఎందుకు తయారుచేశానో వందసభల్లో చెప్పిన నాలుగు వాక్యాలు చెప్పింది. ఇరవై ఏడు. తర్వాత తనకు బొత్తిగా నమ్మకంలేని విషయం ఒకటి ఎంచుకుంది. మాట పోయినవాళ్లకు చికిత్స దండగని, వాళ్లను ఇంట్లో కూర్చోబెట్టడమే మంచిదని, కారణాలు వెతుక్కుంటూ మూడు నిమిషాలు వాదించింది. ఎనభై ఒకటి.

పరికరం తప్పు చెప్పలేదు. మాట పాతదో కొత్తదో చెప్పింది. నమ్మకం సంగతి ఎవరు అడిగినా దానికి తెలియదు. పక్షవాతం రోగికి పాతమాటకూ కొత్తమాటకూ మధ్య తేడాయే ప్రాణం కాబట్టి అక్కడ అది సరిపోయింది. ఇరవయ్యారేళ్లు ఒకే మాట మీద బతికిన మనిషి దగ్గరకు తెచ్చేసరికి, ఆ బతుకంతా చిలకపలుకుల పద్దులో పడింది. ఇది పరీక్షకు ముందే తట్టవలసిన విషయం. ఇరవై ఆసుపత్రుల మీదున్న కళ్లకు అది కనపడలేదు.

రెండు వారాలపాటు ఆమె ఇంకా అరవైమంది మీద పరీక్షించి, కాగితాలు తీసుకుని సన్యాసిరాజు దగ్గరకు వెళ్లింది. ఆయన ఓపిగ్గా విన్నాడు. కాఫీ ఇప్పించాడు.

"మంచిది డాక్టరుగారూ. ఇప్పుడేం చెయ్యమంటారు?"

"మార్కులు రద్దు చేసి ఆ సంగతి ప్రకటించండి. పద్నాలుగుమందికి అన్యాయం జరిగిందండి."

"ఆ పద్నాలుగుమందిలో పదిమంది బిల్లు మీద పేచీ పెడుతున్నవాళ్లే. ఎందుకంటారు?" జవాబు కూడా ఆయనే చెప్పాడు. "పాతవాళ్లు కనక. పాతవాళ్లకే తక్కువ మార్కులొస్తాయని మొదటిరోజు సాయంత్రానికే నాకు తెలిసిపోయింది. మీకు తెలియడానికి ఇన్నాళ్లు పట్టిందా?"

ఆయన గొంతులో వెటకారం లేదు. నిజంగానే ఆశ్చర్యపోయినట్టుంది.

"మీరు బయటికెళ్లి మిషను తప్పంటే నేను కాదనను. తప్పుడు మిషన్లు ఆసుపత్రుల్లో ఎందుకని జనమే అడుగుతారు. తీయించేయాల్సొస్తుంది. ఆలోచించుకోండి."

కుసుమ నాలుగు రోజులు ఆలోచించుకుంది. ఆ నాలుగు రోజులూ వార్డుకు వెళ్లి రోగులతో కూర్చుంది. అప్పలస్వామి అప్పటికి మూడుమాటల వాక్యాలు చెబుతున్నాడు. అయిదోరోజు ప్రెస్‌క్లబ్బులో పత్రికలవాళ్లను పిలిచి, తన పరికరం నమ్మకాన్ని కొలవలేదని, కొలుస్తుందని ఒప్పుకోవడం తన తప్పని, లెక్కలతో సహా చెప్పింది.

ఒక విలేఖరి లేచాడు. "మేడం, మీ అక్కగారికి టిక్కెట్టు పోతోందనేనా ఇప్పుడీ మాట?"

మర్నాడు అన్ని పత్రికల్లోనూ ఆ ప్రశ్నే ఉంది, జవాబు లేదు. నిష్పక్షపాతాన్ని మెచ్చుకున్న సంపాదకీయం రాసిన పత్రికే రక్తసంబంధం గురించి ఇంకో సంపాదకీయం రాసింది. పార్టీ మార్కులు మార్కుల్లాగే ఉన్నాయి. ఆసుపత్రుల్లో పెట్టిన పరికరాలను విచారణ పూర్తయ్యేవరకు వాడరాదని ఉత్తర్వు వచ్చింది. అప్పటికి కుసుమ వార్డులోదానితో కలిపి పదిహేడున్నాయి. పదిహేడూ స్టోరురూముల్లోకి చేరి సీళ్లు వేయించుకున్నాయి. అప్పలస్వామి కొడుకు వచ్చి, "నాన్నని ఇంటికి తీసుకుపోతామండి, ఇంక ఇక్కడేం చేస్తారు," అన్నాడు. కుసుమ వారానికి మూడురోజులు బస్సెక్కి రోగుల ఇళ్లకు పోయి, పరికరం లేకుండా, చెవులతోనే విని చేతనైనంత నేర్పడం మొదలుపెట్టింది. పరికరంతో నాలుగు నెలలు పట్టేది చెవులతో ఏడాది పడుతుంది. కొందరికి అంత వ్యవధి లేదు.

అక్క దగ్గరకు వెళ్లి అన్నీ విడమరిచి చెప్పింది. మేరీరత్నానికి వచ్చిన ఇరవై రెండు, తనకు వచ్చిన ఇరవై ఏడు. తవిటమ్మ కాగితాలు కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి తిరిగిచ్చింది.

"అప్పుడు నువ్వు తప్పుకాదన్నావు, నమ్మినాను. ఇప్పుడు తప్పంటన్నావు. మళ్లీ నమ్మమంటావా?"

"నమ్మాలప్పా. నీలో ఏ లోపమూ లేదు."

"నాలోపల ఏటుందో నీకెలా తెలస్తాది, నాకే తెలీనప్పుడు?" అని ఆమె లేచి వెళ్లి పోపు పెట్టుకుంది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. అప్పటినుంచి సభల్లో మాట్లాడటం ఆమె పూర్తిగా మానుకుంది. ఎవరైనా అడిగితే గొంతు బాగాలేదనేది.

పని గంటల బిల్లు ఎన్నికలకు ఏడునెలల ముందు సభకు వచ్చింది. అధికార పార్టీకి ప్రతిపక్షం కంటే పదహారుమంది ఎక్కువ. అందరూ అనుకూలంగా ఓటు వేయాలని విప్ జారీచేశారు. కుసుమ సందర్శకుల గ్యాలరీలో కూర్చుంది. మంత్రి బిల్లు ప్రవేశపెట్టాక ముకుందరావు ఇరవై నిమిషాలు మాట్లాడాడు. ఎనిమిదో సూత్రానికి కొత్త అర్థం చెప్పాడు. పొద్దు పనివాడిది కాబట్టి దాన్ని అమ్ముకునే స్వేచ్ఛ కూడా పనివాడిదేనన్నాడు. బాగా మాట్లాడాడు. నమ్మే మాట్లాడాడేమోనని కుసుమకు అనిపించింది. మాట్లాడమని తవిటమ్మ పేరు పిలిస్తే ఆమె తల అడ్డంగా ఊపింది.

మూజువాణి ఓటులో కేకలు సమానంగా వినిపించాయి. ప్రతిపక్షం లెక్కింపు కోరింది. స్పీకరు తలుపులు మూయించాడు. బిల్లుకు అనుకూలమైనవాళ్లు వరసలవారీగా లేచి నిలబడాలన్నాడు. సిబ్బంది నడుస్తూ తలలు లెక్కపెట్టారు. అధికారపక్షంలో కొందరు లేవలేదు. వయసైనవాళ్లు కదా, మోకాళ్ల నొప్పులేమో అనుకున్నట్టు ఎవరూ పట్టించుకోలేదు.

"వ్యతిరేకులు లేవండి."

ప్రతిపక్షం బిలబిలమంటూ లేచింది. ఇటువైపు మూడో వరసలో తవిటమ్మ ముందు బల్ల మీద రెండు చేతులూ ఆనించి లేచి నిలబడింది. ముందు వరసలో కూర్చున్న సన్యాసిరాజు వెనక్కి తిరిగి చూశాడు. రెండు కుర్చీల అవతల ముప్పై ఆరు మార్కుల మాజీ చేనేత కార్మికుడు లేచాడు. తర్వాత అయిదో వరసలో ఇద్దరు. లెక్కపెట్టే గుమాస్తా వచ్చిన దారినే మళ్లీ వెనక్కి నడవాల్సొచ్చింది. పద్నాలుగుమందిలో పదకొండుమంది నిలబడ్డారు. వాళ్ల టిక్కెట్లు ఏనాడో పోయాయి. వాళ్లను బెదిరించడానికి సన్యాసిరాజు దగ్గర మిగిలిన ఏడునెలల సభ్యత్వం తప్ప ఇంకేమీ లేదు. ఆ సంగతి ఆయనకు ఆ క్షణంలోనే తెలిసినట్టుంది. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ముందుకు తిరిగి కూర్చున్నాడు.

బిల్లు ఆరు ఓట్ల తేడాతో వీగిపోయింది.

బయట వరండాలో మైకులన్నీ తవిటమ్మ ముఖం మీదికి వచ్చాయి. ఆమె నోరు తెరిచింది. ఏదో వస్తుందని అందరూ ఎదురుచూశారు. చాలాసేపటికి, "లెక్కెట్టుకున్నారు కదా," అని దారి చేసుకుని వెళ్లిపోయింది.

విప్‌ను ధిక్కరించినందుకు పదకొండుమంది సభ్యత్వాలూ నెలలోగా రద్దయ్యాయి. క్వార్టరు ఖాళీ చేసేరోజున కుసుమ సాయానికి వెళ్లింది. ఇద్దరూ గిన్నెలు పాతపేపర్లలో చుట్టి పెట్టెల్లో సర్దుతున్నారు. ఎప్పటినుంచో అడగాలనుకున్నది కుసుమ అప్పుడు అడిగింది.

"ఆ రోజు లేవాలని ముందే అనుకున్నావా అప్పా?"

తవిటమ్మ చేతిలోని పళ్లెం తిప్పి చూసుకుంది.

"అనుకోనేదే. ఏటి సెప్పాలో కూడా తెలీనేదు. కూకోటం సేతకానేదు, అంతే." పళ్లెం పెట్టెలో పెట్టి చేయి చాచింది. "ఆ తాడందుకో. బండోడొచ్చీసేడు."